మావ విస్తట్లో ఉప్పు

కిందటి నెలలో మా మేనత్త మనవరాలు, విజయనగరంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పే అమ్మాయి, మా చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక కబురు పెట్టింది. అమ్మవారి పండగనాడు అందరూ తన ఇంటికే భోజనానికి రావాలనీ, ఎవరెవరు ఏమేమి తినరో ముందుగా రాసేస్తే ఆ ప్రకారమే వండిస్తాననీ అందులో ఉంది. ఇక చూసుకోండి, పూట గడవకుండానే ఫోను నిండిపోయింది. ఒకరికి గోధుమ పడదు, ఒకరు చక్కెర ముట్టరు, ఒకాయన భవానీ మాల వేసుకున్నాడు గనక ఆయన గిన్నెకి ఉల్లిపాయ వాసన తగలకూడదు, ఒక కుర్రాడికి గుడ్డు దాకా అభ్యంతరం లేదు గానీ మాంసం వద్దు, వాడి భార్య పాలూ పెరుగూ కూడా మానేసిందట. మన రోజుల్లో పండగకి పిలిచిన ఇల్లాలిని ఇన్ని కోరితే గరిటె విసిరికొట్టి ఉండేది కదా అని నవ్వుకుంటూనే, మూడు నెలల కిందట డాక్టరు నా చేత ఉప్పు మాన్పించిన సంగతి గుర్తొచ్చి, నేనూ 'నాకు ఉప్పు లేకుండా' అని కొట్టి పంపాను.

నిమిషం తిరక్కుండా ఆ పిల్ల దగ్గర్నుంచి ప్రశ్న వచ్చింది. ఎందుకు మావయ్యా, బీపీయా, కిడ్నీయా అని.

ఆ ఎందుకు అన్న మాట చూసి నేను ఫోను బల్ల మీద బోర్లించేశాను. బతుకంతా పత్రికల్లో పనిచేసినవాణ్ణి, రోజుకి పదిమందిని ఎందుకు అని అడిగి జీతం తీసుకున్నవాణ్ణి. అటువంటి మాట అడగవలసిన రోజున మా ఇంట్లో ఎవరూ అడగలేదు, చెప్పవలసిన నేను చెప్పలేదు. దాని మూలంగా ఒక మనిషి పళ్ళు రాలాయి, మా అత్త చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా తెగింది, కన్నకూతుర్ని ఇంటికి పిలుచుకోవాలని మా నాయనమ్మ ఏడేళ్ళు పెట్టుకున్న ఆశ ఆ పూటతో ముగిసిపోయింది. నా ఈడువాళ్ళు ఎవరైనా దీన్ని చదువుతూ ఉంటే వాళ్ళకి మాత్రమే అర్థమయ్యే సంగతి ఇది, అందుకే రాస్తున్నాను.

మాది విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఉండే ఊరు. మూడేళ్ళకోసారి అమ్మోరి పండగ చేసేవారు. ఆ పండగ ఎలా ఉండేదో ఈ తరం పిల్లలకి చెబితే ముఖం తిప్పుకుంటారు. పొద్దెక్కకముందే డప్పులు మొదలయ్యేవి, ఆ దెబ్బ చెవిలో కంటే కడుపులో ఎక్కువ వినపడేది. గుడి ముందు మట్టి నెత్తుటికి జిగురై కాళ్ళకి అంటుకునేది, జనం ఇళ్ళకి వెళ్ళిన దారులన్నీ ఎర్రటి అడుగులతో తెలిసిపోయేవి. యాట తల ఒక్క వేటుకి తెగకపోతే ఆ ఇంటికి మూడేళ్ళు మంచిది కాదని భయం, అందుకని చెయ్యి తిరిగినవాడి కోసం ఇల్లిల్లూ కాచుకుని ఉండేది. మా పెదనాన్న చేతిలో రెండో వేటు పడిన యాట లేదని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే నన్ను పెంచినవాడు ఆయనే, ప్రేమగా తల నిమిరినా ఆ అరచెయ్యి గట్టిగా, కొయ్యలా ఉండేది.

పెదనాన్నకి సాలూరులో ఒక లారీ ఉండేది. దాన్ని మా మావ తమ్ముడు నడిపేవాడు. మావ అంటే మా మేనత్త భర్త, భావనపాడు దగ్గర కాస్త కొబ్బరితోట ఉండేది, ఎండాకాలమంతా ఉప్పు మడుల్లో మేస్త్రీగా ఉండేవాడు. ఒకరోజు ఘాట్ రోడ్డు మలుపులో ఆ లారీ తిరగకుండా నేరుగా లోయలోకి పోయింది. కుర్రవాణ్ణి బయటికి తీయడానికి కేబిన్ రేకు కోయాల్సి వచ్చింది, తీసినవాళ్ళు ముక్కలు గోనె మీద పేర్చి పైన తువ్వాలు కప్పారు. బ్రేకులు పట్టడంలేదని వాడు ముందే మొత్తుకున్నాడని మావ వాళ్ళు అన్నారు, తాగి నడిపాడని పెదనాన్న అన్నాడు. అన్నవాడు ఏ చెట్టు కిందో అనుకుంటే పోయేది, పదోరోజు భోజనాల పంక్తిలో, చచ్చినవాడి తల్లికి వినపడేలా అన్నాడు. మావ లేచి కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసుకొచ్చాడు. పెదనాన్న ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ తెగి ఆయన ముందున్న విస్తట్లోనే, కలిపిన అన్నం మీద పడ్డాయి. తర్వాత కర్రలు లేచాయి, రెండు వైపులా తలలు పగిలాయి. ఆ రోజు నుంచి అత్తకి పుట్టింటి గుమ్మం మూసుకుపోయింది. ఆవిడని పంపనని మావ, వస్తే నరుకుతానని పెదనాన్న, మధ్యన ఏడేళ్ళు నాయనమ్మ ఎవరి మీదా కోపం చూపించకుండా, గడపలో కూర్చున్నప్పుడల్లా రోడ్డువైపే చూస్తూ ఉండేది.

కొట్టుకున్న రెండు కుటుంబాలు కలవడానికి మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు. చెరో ఇంటినుంచీ గుప్పెడు ఉప్పు తెచ్చి ఒకే కుండలో కలిపేవారు. పండగనాటి కూర ఆ ఉప్పుతో వండి, రెండు వైపుల మగవాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని తినేవారు. తిన్నాక ఒకరి మీద ఒకరు చెయ్యెత్తితే అది అమ్మోరి మీద ఎత్తినట్టే. పోలీసు కాగితాల్లో రాజీపడి మళ్ళీ నరుక్కున్నవాళ్ళని నేను చాలామందినే చూశాను గానీ, కలిపిన ఉప్పు తిన్నాక చెయ్యెత్తినవాడి గురించి మా ఊళ్ళో విన్నది లేదు. ఆ ఏడు పండగ వస్తోందనగా నాయనమ్మ పెదనాన్న కాళ్ళ దగ్గర కూలబడి, అల్లుడికి కబురు పంపడానికి ఒప్పించింది. పెద్దమ్మ అప్పటికే పోయింది గనక ఇంట్లో తల్లి మాట వినకపోతే అన్నం పెట్టే దిక్కు కూడా పెదనాన్నకి లేదు.

కబురు తీసుకెళ్ళవలసినవాణ్ణి నేనే అయ్యాను. అప్పటికి ఏడాదిగా సాలూరులో ఒక దినపత్రికకి విలేకరిని. పని చాలావరకూ ఘాట్‌లో పడిన లారీలు లెక్కపెట్టడమే, శవాల పక్కన నిలబడి ఊరూ పేరూ రాసుకుని, పోస్టాఫీసు ఫోనులో విజయనగరానికి అరిచి చెప్పడమే. అవతలివైపు ఉండే ఉపసంపాదకుడికి ఎప్పుడూ తొందరే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, అంతే చెప్పవయ్యా, ఎందుకన్నది పోలీసులు తేలుస్తారు అనేవాడు. ఆ అలవాటు నాకు ఎముకల్లోకి దిగిపోయింది.

టెక్కలి మీదుగా బస్సులు మారి భావనపాడు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మావని చూసి మొదట గుర్తుపట్టలేదు. ముఖం ఉబ్బి కళ్ళు సన్నగా అయిపోయాయి, పాదాలు చెప్పుల్లో పట్టడంలేదు. విషయం చెప్పగానే ఆయన సముద్రం వైపు తిరిగి పళ్ళు కొరుక్కుని, చివరికి తల ఊపాడు. అత్త లోపలికి వెళ్ళి వాళ్ళ మడుల ఉప్పు గుప్పెడు గుడ్డలో మూటకట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఒరే అల్లుడా, వస్తాను. మీ అత్తనీ తెస్తాను. కానీ నా కూర మట్టుకు ఉప్పు నేకుండా వొండమని మీ మామ్మకి సెప్పు" అన్నాడు మావ. తెల్లబోయి చూస్తే, లుంగీ పైకి లాగి బొటనవేలితో కాలిమీద నొక్కి చూపించాడు. నొక్కిన చోట పడిన గుంట ఎంతకీ పూడలేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చూపించుకున్నాడట, మూత్రపిండాలు పాడయ్యాయనీ, ఉప్పు తింటే ఎన్నాళ్ళో ఉండవనీ చెప్పారట. ఉద్దానం వైపు చాలామందికి ఉన్న ఆ జబ్బుకి అప్పటికి మా వైపు పేరు కూడా తెలీదు. బతుకంతా ఉప్పు పోగుచేసినవాడికి ఉప్పు పనికిరాకుండా పోయింది.

ఎందుకని అడిగితే ఏం చెప్పను మావా అన్నాను.

"ఏటీ సెప్పకు. మీ పెదనాన్న ముందర నాను రోగిష్టోడిలా కూకోనేను. ఆడు నన్ను సూసి జాలిపడ్డాడంటే, ఆ లారీలో సచ్చిపోయిన నా తమ్ముడు నా మొకం మీద ఉమ్ముతాడు."

నేను మాటిచ్చాను. అత్త గుమ్మానికి ఆనుకుని అంతా వింటోంది.

ఇంటికి వచ్చి మూట నాయనమ్మ ఒళ్ళో పెట్టి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నట్టే చెప్పాను. మావ వస్తాడు, అత్తని తెస్తాడు, ఇది వాళ్ళ ఉప్పు, ఆయన కూరలో మాత్రం ఉప్పు వెయ్యొద్దన్నాడు. మూట విప్పబోతున్న నాయనమ్మ చేతులు ఆగిపోయాయి. అరుగు మీద కత్తికి సాన పడుతున్న పెదనాన్న ఆ పని ఆపలేదు గానీ, రాయి మీద రాపిడి నెమ్మదించింది.

"ఉప్పు పంపినోడు ఉప్పు తిన్నన్నాడా?" అన్నాడు. "సూసినావేటే అమ్మా, నీ అల్లుడి తెలివి. ఆడి ఉప్పు మనం తిని కట్టుబడిపోవాల, ఆడు మాత్రం సేతులు ఇప్పుకునే ఉంటాడు. తమ్ముడి లెక్క ఇంకా తేలనేదు ఆడికి."

అంతకంటే గట్టి తర్కం ఆ క్షణంలో నాకే కనపడలేదు. ఎందుకు అని ఆయన అడగలేదు, ఎందుకో తనకి తెలిసిపోయిందనుకున్నాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఇచ్చిన మాట దాటని విలేకరినని లోపల కాస్త గర్వపడ్డాను కూడా, దాచడం నాకెందుకు, ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి గర్వపడటానికి అంతకంటే మంచివి దొరకవు. నాయనమ్మ మాత్రం లేచి మూట కొంగులో కట్టుకుని, పండగనాడు వంట తానే చేస్తాననీ, వంటింట్లోకి ఎవరూ రావద్దనీ చెప్పి వెళ్ళిపోయింది.

పండగనాడు పొద్దుట పెదనాన్న గుడి దగ్గర యాటని కొట్టాడు. ఎప్పటిలాగే ఒక్క వేటే, కానీ అవసరానికి మించిన బలం పెట్టాడు, కత్తి మెడ దాటి మట్టిలోకి దిగి, లాగడానికి కాలు మోపాల్సి వచ్చింది. ఇంటికి వచ్చి ఆ కత్తి కడిగి దూలం మీద పెట్టవలసింది, తన పీట వెనకాల గోడకి ఆనించాడు. సాలూరు నుంచి ఇద్దరు లారీ డ్రైవర్లని పిలిపించి, ఒకడిని తనకి కుడివైపు, ఇంకొకడిని గుమ్మం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గుమ్మం పక్కవాడి ఒళ్ళో తువ్వాలు చుట్టిన జాకీ రాడ్డు ఉంది. నీళ్ళు పోసే పని నాదే గనక అన్నీ చూశాను.

మావ పన్నెండు దాటాక వచ్చాడు, ఒక్కడే, తెల్లచొక్కా వేసుకుని. పద్ధతి ప్రకారం ఉప్పు తినే దాకా అత్త గడప తొక్కకూడదు గనక ఆవిడ పిల్లలతో ఎదురింటి అరుగు మీద కూర్చుంది. మధ్యన వీధి పది అడుగులు ఉంటుందేమో. నాయనమ్మ వంటింటి కిటికీలోంచి, అత్త ఆ అరుగు మీంచి, ఏడేళ్ళ తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. కూతురికని కొన్న కొత్తచీర పొద్దుట నుంచీ పెరటి దండెం మీద ఆరేసే ఉంది.

పంక్తిలో కూర్చున్నాక పెదనాన్నే మొదలెట్టాడు. "ఏటి బావా, మొకం నిగనిగలాడతన్నాది. సముద్రపు గాలికి బాగా ఒళ్ళు సేసినావు."

"నీ ఎడం సెయ్యి కనబడనేదేటి బావా?" అన్నాడు మావ.

"ఎనక్కెట్టుకున్నాను. మళ్ళీ ఇస్తట్లో పడిపోతాదేమోనని."

డ్రైవర్లు నవ్వారు. మావ కూడా నవ్వాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఇది గట్టెక్కుతుందని నాకు అనిపించింది. బయట డప్పులు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. నాయనమ్మ చిన్న తపేలా పట్టుకుని వచ్చి, తలవంచుకుని, అల్లుడికి వేరుగా వండిన కూర ఆయన విస్తట్లో వడ్డించింది. మిగతావాళ్ళకి పెద్ద కుండలోది వేసింది. పెదనాన్న అన్నం కలిపి పెట్టుకుని, నోట పెట్టకుండా మావ చెయ్యే చూస్తున్నాడు. ఆయన గ్లాసు నిండలేదని నేను చెంబు వంచాను. కళ్ళెత్తేసరికి మావ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు వంటింటి గుమ్మం వైపు ఉన్నాయి. మరుక్షణం ముందుకి వంగి, నోట్లో ముద్ద విస్తట్లోకి ఉమ్మేశాడు.

ఆ తర్వాత జరిగింది నేను చాలాసార్లు మనసులో వార్తలా రాసుకోబోయి, ఎప్పుడూ మొదటి వాక్యం దాటలేకపోయాను. పెదనాన్న కాలితో మావ విస్తరి తన్నాడు, వేడి అన్నం ఆయన ముఖం మీద పడింది. మా కూడు ఉమ్ముతావురా అని అరిచిన గొంతు పెదనాన్నది కానట్టు, మరెవరో లోపలి నుంచి అరిచినట్టు ఉంది. కూర్చున్న పీట ఎత్తి మావ నోటి మీద కొట్టాడు. ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. మావ పక్కకి ఒరిగి, నేల మీద చెయ్యి ఆన్చి లేవబోతే, గుమ్మం దగ్గరవాడు జాకీ రాడ్డుతో వీపు మీద ఒకటి, మోకాలి మీద ఒకటి వేశాడు. రెండోవాడు జుట్టు పట్టుకుని తల నేలకేసి కొట్టాడు. మావ తిరిగి చెయ్యెత్తలేదు. ఎత్తలేక కాదు, నేను అతి దగ్గరగా ఉన్నాను, నాకు తెలుసు. అరచేతులు రెండూ నేలకి ఆనించి, కొడుతుంటే కళ్ళు మూసుకుని ఉన్నాడు. పళ్ళు రెండు అన్నం మెతుకుల్లో తెల్లగా కలిసిపోయి, నెత్తురు వల్ల మాత్రమే తెలిశాయి. నేను చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను. నా చేతి నుంచి నీళ్ళు కారి నా పాదాల మీద పడుతున్న సంగతి గుర్తుంది, అంతకుమించి నేనేమి చేశానో గుర్తులేదు, చేయలేదు గనక.

పెదనాన్న వెనక్కి చెయ్యిచాచి కత్తి అందుకున్నాడు.

వీధిలోంచి అత్త పరుగెత్తుకొచ్చింది. ఏడేళ్ళ తర్వాత ఆ గడప అలా దాటింది. వచ్చి మావ మీద అడ్డంగా పడి, చెయ్యి పైకెత్తింది. దిగుతున్న కత్తిని పెదనాన్న ఆపబోయాడో లేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను, ఆయన మాత్రం బతికినంతకాలం ఆపబోయానన్నాడు. ముంజేతి మీద చర్మం పొడుగునా విచ్చుకుని, లోపల తెల్లగా కనపడి, ఆపైన నెత్తురు పొంగింది. అత్త నొప్పికి అరవలేదు, మాటలే అరిచింది.

"ఉప్పు ఆయనకి ఇసమర్రా! మూత్రపిండాలు పోయినాయి. డాకటేరు వొద్దన్నాడు." ఆ అరుపుతోనే నా వైపు తిరిగింది. "ఒరే, నీకు సెప్పినాం కదరా! ఆయనొద్దంటే మాత్రం నివ్వు సెప్పనేదేటిరా?"

కత్తి కింద పడింది. డ్రైవర్లు గోడకి అతుక్కుపోయారు. వంటింటి గుమ్మంలో నాయనమ్మ తపేలా పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మాట చాలా మెల్లగా వచ్చింది గానీ అందరికీ వినపడింది.

"అందులో ఉప్పు నానే ఏసినాను. కలిపిన ఉప్పే. ఆడు తింటే నా కూతురు ఇంటికొస్తాదని."

అప్పటికి గానీ పెదనాన్న మావ పాదాల వైపు చూడలేదు. ఉబ్బిన పాదాల మీద డ్రైవరు తొక్కిన చోట మడమ ఆకారంలో గుంట అలాగే ఉంది. ఆయన వంగి ఆ గుంటని వేళ్ళతో తడిమి, ఏమనుకున్నాడో, తన తలని తానే గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. ఆపడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

లోయలో పడినదాని తర్వాత కొన్న లారీలో గోనెలు పరిచి మావనీ అత్తనీ పడుకోబెట్టి పెదనాన్నే విజయనగరం నడిపాడు. మూడు వేళ్ళ ఎడమచెయ్యి దారిపొడుగునా స్టీరింగు మీంచి తీయలేదు. ఆసుపత్రిలో పోలీసు వచ్చి అడిగితే, మావ పగిలిన నోటితోనే, లారీ ఎక్కుతూ జారిపడ్డాననీ, యాట మాంసం కొడుతుంటే ఆడమనిషి చెయ్యి అడ్డం వచ్చిందనీ చెప్పాడు. ఆ పోలీసు నమ్మలేదు, నా వైపు చూశాడు, నేను పత్రికవాణ్ణని తెలుసు. నేను తల దించుకున్నాను. ఆ వార్త నేను పంపలేదు. పంపి ఉంటే నా విలేకరి బతుకులో అన్ని వివరాలూ, ఎందుకన్నదానితో సహా, నాకే తెలిసిన మొదటి వార్త అదే అయ్యుండేది.

మావ రెండేళ్ళు బతికాడు. ఆ దెబ్బలకి కాదు, ఆ జబ్బుతోనే పోయాడు, చివరికి ముఖం ఇంకా ఉబ్బిపోయిందట. పెదనాన్న లారీ వదిలేశాడు. ప్రతి అమ్మోరి పండగకీ ఆయన ఒక్కడే భావనపాడు వెళ్ళి అత్త వాళ్ళ అరుగు మీద కూర్చునేవాడు. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చేది, అన్నం పెట్టేది కాదు. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసేవాడు. నాయనమ్మ ఆ రోజు తర్వాత తన కంచంలో ఉప్పు వేసుకోలేదు. ఎవరైనా బతిమాలితే అలవాటైపోయిందమ్మా అనేది. ఆవిడ పోయినప్పుడు అత్త వచ్చింది గానీ గడప లోపలికి రాలేదు, వీధిలోనే నిలబడి, పాడె బయటికి తెచ్చాక తల్లి కాళ్ళ మీద పడి ఏడ్చింది. దండెం మీద ఆరేసిన ఆ కొత్తచీర ఏమైందో నాకు తెలీదు.

మొన్న పండగకి విజయనగరం వెళ్ళాను. కబురు పెట్టిన ఆ పిల్ల ఇంట్లో బల్ల మీద గిన్నెలన్నిటికీ కాగితాలు అంటించి ఉన్నాయి, ఎవరిది ఏదో తెలియడానికి. పిల్లలు ఒకరినొకరు నీకేమైందంటే నీకేమైందని అడిగేసుకుని, జబ్బుల పేర్లు సినిమా పేర్లలా చెప్పేసుకుంటున్నారు. అత్తకిప్పుడు ఎనభై దాటాయి, నడుం వంగింది, అయినా నా గిన్నె తానే తెచ్చింది. మూత తీసి, చుక్క పులుసు తన అరచేతిలో వేసుకుని నాకి, ఉప్పు లేదని తేల్చుకున్నాకే వడ్డించింది. గరిటె వంచినప్పుడు ముంజేతి మీద ఆ మచ్చ మెరిసింది. ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. పిల్లలంతా ఫోటోలకి బాల్కనీలోకి వెళ్ళాక ఆవిడ నా పక్క కుర్చీలో కూర్చుని, నేను తింటుంటే చూస్తూ, మామూలుగా కూర ఎలా ఉందని అడిగినట్టే అంది.

"ఆ రోజు మీ మావ మొదటి ముద్ద మింగీసినాడురా అల్లుడా."

నా చెయ్యి ఆగింది. ఆయన ఉమ్మింది మొదటి ముద్దేనని నేను నమ్మాను. నీళ్ళు పోస్తూ చూశాననుకున్నాను. చూడలేదు.

"నోట్లో ఎట్టుకోగానే తెలిసిపోయినాదంట ఉప్పుందని. మా అమ్మ ఎందుకేసినాదో కూడా తెలిసిపోయినాదంట. పోనీలే, ముసిల్ది కూతురు కోసరం ఏసినాది, ఒక్క ముద్దకి సావను కదా అని మింగీసినాడు. రెండో ముద్దకి డోకొచ్చీసినాది. అంతే. ఆ జబ్బుకి డోకులు ఎక్కువ." కొంగుతో చెయ్యి తుడుచుకుని, "అందుకే తిరిగి కొట్టనేదు. ఉప్పు తిన్నాడు కదా" అంది.

ఎందుకు చెప్పలేదత్తా, పెదనాన్నకి చెప్పలేదు, నాయనమ్మ అన్నేళ్ళు ఉప్పు మానేస్తే ఆవిడకి చెప్పలేదు, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు అన్నాను.

అత్త నా విస్తరి వైపు చూసింది, ఇప్పుడు అది విస్తరి కాదు, కాగితం పళ్ళెం.

"ఎవులడిగినార్రా?" అంది.

ఇంటికి వచ్చాను. ఈ పిల్లలు మనకంటే మెతకవాళ్ళని మనం అనుకుంటూ ఉంటాం. వాళ్ళు ఒక పూట భోజనానికి అడిగే ప్రశ్నల్లో సగం అడిగి ఉంటే మా ఇంటి నేల మీద ఆ నెత్తురు పడేది కాదు. అలాగని వాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ ఉప్పు మూటలు కట్టి పంపుకోవడమూ లేదు, మాట కోసం ఒక ముద్ద మింగవలసిన అవసరమూ రావడంలేదు. అది పోవడమే మంచిదని బుద్ధి చెబుతోంది. మావ మింగిన ఆ ముద్ద మాత్రం నా గొంతులోంచి దిగడంలేదు.

గ్రూపు తెరిచి వెనక్కి వెళ్ళి, నేను జవాబు ఇవ్వకుండా వదిలేసిన ఆ ప్రశ్న వెతికాను. పండగ అయిపోయింది, గిన్నెలు కడిగేసుకుని ఉంటారు, ఇక ఆ జవాబుతో ఎవరికీ పనిలేదు. అయినా రాశాను. కిడ్నీ కాదు తల్లీ, బీపీయే. అడిగావు, చాలా మంచి పని చేశావు.